ఏ ప్రింటు చూశారో చెప్పకుండా టామ్ అండ్ జెర్రీకి రేటింగ్ ఇవ్వకండి

తెలుగులో సినిమా రివ్యూకి ఒక అచ్చు ఉంది. కథ, నటీనటులు, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, సాంకేతిక విభాగం, చివర్లో 2.75/5. రెండున్నర గంటల సినిమాకి ఆ అచ్చు ఎంతవరకు సరిపోతుందన్నది వేరే గొడవ. 1930, 40, 50ల్లో హాలీవుడ్ స్టూడియోలు థియేటర్ల కోసం తీసిన ఏడు నిమిషాల కార్టూన్ల మీద అదే అచ్చు గుద్దితే మాత్రం చేతికేమీ రాదు. కథ: పిల్లి ఎలుకను తరిమింది. నటీనటులు: పిల్లి, ఎలుక. ప్లస్ పాయింట్: చిన్ననాటి జ్ఞాపకాలు. మైనస్ పాయింట్: హింస. రేటింగ్ 5/5, ఎందుకంటే టామ్ అండ్ జెర్రీకి తక్కువిస్తే కామెంట్లలో బతకనివ్వరు.

అలాంటి రివ్యూ పనికొస్తుందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. ఎంజీఎం 1949లో ‘హ్యాచ్ అప్ యువర్ ట్రబుల్స్’ విడుదల చేసింది. వడ్రంగి పిట్ట గుడ్డు జెర్రీ ఇంట్లో పొదగబడుతుంది, పిల్ల జెర్రీనే తల్లి అనుకుంటుంది, ఇంట్లో కుర్చీలూ బల్లలూ పొడిచి పొట్టు చేస్తుంది. 1956లో అదే స్టూడియో, అదే దర్శకులు హానా, బార్బెరాలు, అదే కథను ‘ది ఎగ్ అండ్ జెర్రీ’ పేరుతో సినిమాస్కోప్‌లో మళ్లీ తీశారు. జోకులు అవే, వరస అదే, చాలా చోట్ల కదలికలు కూడా పాతవాటి మీద పెట్టి గీసినవే. అయినా మొదటిది చక్కటి కార్టూన్, రెండోది దాని జిరాక్సు. మీరు రాసే రివ్యూ ఈ రెండింటికీ పేరు మార్చి అతికించగలిగేలా ఉంటే, మీరు కథాసంగ్రహం రాశారు. రివ్యూ ఇంకా మొదలవలేదు.

తేడా ఎక్కడుంది? 1949 నాటి బొమ్మను 1.37:1 చతురస్రానికి దగ్గరగా ఉండే తెర కోసం కూర్చారు. జెర్రీ, పిట్ట, ఒక బల్ల పెడితే తెర నిండిపోతుంది. సినిమాస్కోప్‌లో వెడల్పు ఎత్తుకు రెండున్నర రెట్లు. అదే నటనను తీసుకెళ్లి అక్కడ పెడితే అటూ ఇటూ ఖాళీ. ఆ ఖాళీని నింపాల్సిన నేపథ్య చిత్రాలేమో అప్పటికి పొదుపు బాట పట్టాయి. నీడలూ నునుపులూ ఉన్న నీటిరంగుల గది పోయి, చదునైన రంగు పట్టీల గది వచ్చింది. బొమ్మల అంచు గీత లావెక్కింది. ‘ది లిటిల్ ఆర్ఫన్’ (1949), ‘ఫీడిన్ ద కిడ్డీ’ (1957) జంటను పక్కపక్కన పెట్టి చూసినా ఇదే కనిపిస్తుంది. మొదటిది ఆస్కార్ తెచ్చుకుంది, రెండోది గుర్తున్నవాళ్లు తక్కువ.

కాబట్టి ఈ కార్టూన్ల విషయంలో నా వాదన సూటిగా ఇది: రివ్యూ చేయాల్సింది కథను కాదు, ఫ్రేముల లెక్కను. ఆ లెక్క చూడాలంటే ముందు మీ చేతిలో ఉన్న కాపీ అసలుదేనా అని తేల్చుకోవాలి.

లెక్క సంగతి ముందు. 35 ఎంఎం ఫిల్ములో సెకనుకు 24 ఫ్రేములు, అడుగుకు 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. వార్నర్ స్టూడియోలో దర్శకుడు చక్ జోన్స్ బృందానికి పెట్టిన హద్దు 540 అడుగులు, అంటే సరిగ్గా ఆరు నిమిషాలు, 8,640 ఫ్రేములు. మామూలు సినిమాలో పది గంటల ఫుటేజీ తీసి ఎడిటింగ్ టేబుల్ మీద రెండు గంటలకు కుదించవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ప్రతి ఫ్రేమూ చేత్తో గీసి, పారదర్శక షీట్ల మీద సిరాతో దిద్ది, వెనక నుంచి రంగు నింపినదే. గీశాక కత్తిరించి పారేయడమంటే జీతం పారేయడమే. అందుకని ఎడిటింగ్ అంతా గీయక ముందే అయిపోయేది. దర్శకుడు కాగితం మీద, ఏ కదలిక ఎన్ని ఫ్రేములు, ఎక్కడ ఆగాలి, ఆ ఆగడం ఎంతసేపు అని పట్టిక వేసి యానిమేటర్ చేతికిచ్చేవాడు. ఎంజీఎంలో ఆ పని బిల్ హానాది. జో బార్బెరా కథ, జోకులు, భంగిమల స్కెచ్‌లు చూసుకునేవాడు. అంటే టామ్ ఇస్త్రీపెట్టె దెబ్బ తిన్నాక కెవ్వుమనే ముందు ఎంతసేపు నిశ్చలంగా ఉండాలన్నది హానా లెక్క. ఆ కేక కూడా హానా గొంతే.

ఈ లెక్క ఎంత సన్నటిదో చూడాలంటే 1949లో ‘ఫాస్ట్ అండ్ ఫర్రీ-యస్’తో మొదలైన రోడ్ రన్నర్ కార్టూన్లలో ఆ పక్షిని తరిమే కయోటీ (తోడేలు జాతి జంతువు) లోయలో పడే దృశ్యం చాలు. చక్ జోన్స్ స్వయంగా చెప్పిన లెక్క ఇది: పడుతూ పడుతూ చుక్కయి మాయమవడానికి 18 ఫ్రేములు, ఆ తర్వాత 14 ఫ్రేములకు కింద దుమ్ము లేవాలి. సెకనులో ముప్పాతిక వంతు, మళ్లీ సెకనులో సగం పైచిలుకు. నవ్వు ఉన్నది ఆ 14 ఫ్రేముల ఖాళీలో. తెర మీద లోయ తప్ప ఏమీ లేని ఆ క్షణంలో ప్రేక్షకుడే మనసులో అతన్ని కింద పడేస్తాడు, దుమ్ము వచ్చి అవునంటుంది. ఖాళీ తగ్గితే నేల దగ్గరున్నట్టు అనిపిస్తుంది. పెరిగితే కయోటీ సంగతి మరిచిపోతాం. ‘కయోటీ కొండ మీంచి పడిన సీను సూపర్’ అని రాసినవాళ్లు పడటాన్ని పొగిడారు, నవ్వించినదాన్ని వదిలేశారు.

దీన్ని మీరే లెక్కపెట్టుకోవచ్చు. వీఎల్‌సీ ప్లేయర్‌లో E అనే అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేమూ ముందుకు కదులుతుంది. యూట్యూబ్‌లో వీడియో ఆపి ఫుల్‌స్టాప్ నొక్కితే ముందుకు, కామా నొక్కితే వెనక్కి. కానీ ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. ముందు ఆ ఫైలు సెకనుకు ఎన్ని ఫ్రేములదో చూసుకోవాలి. అమెరికా టీవీ పద్ధతిలో తయారైన డీవీడీలో నాలుగు ఫిల్ము ఫ్రేములను ఐదు వీడియో ఫ్రేములుగా సాగదీస్తారు. ఒక్కోటీ కదుపుతూ వెళ్తే ప్రతి ఐదింటిలో రెండు దువ్వెన పళ్లలా చీలిన బొమ్మలు కనిపిస్తాయి. అవి కార్టూన్‌లో లేవు, వాటిని లెక్కలో వేస్తే 18 కాస్తా 22, 23 అవుతుంది. మన టీవీలది ఇంకో తంటా. మనది సెకనుకు 25 ఫ్రేముల పద్ధతి, ఫిల్మును 24కి బదులు 25తో పరిగెత్తించేస్తారు. ఏడు నిమిషాల కార్టూన్ ఆరు నిమిషాల 43 సెకన్లలో అయిపోతుంది. శ్రుతి సరిచేయకపోతే సంగీతం, పక్కపక్క పియానో మెట్ల మధ్య దూరమైన సెమీటోన్‌లో 0.7 వంతు పైకెక్కుతుంది. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చినప్పటి నుంచి కేబుల్‌లో టామ్ అండ్ జెర్రీ చూసి పెరిగిన తెలుగువాళ్ల చెవుల్లో ఉన్నది ఆ పరుగు వేగమే కావచ్చు. తర్వాత బ్లూరేలో చూసి ‘ఇదేంటి, కాస్త నెమ్మదించింది’ అనిపిస్తే, నెమ్మదించినది కార్టూన్ కాదు.

ఫ్రేములు కదిపేటప్పుడు గమనించాల్సింది ఇంకొకటుంది. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీస్తే సెకనుకు 24 బొమ్మలు. ఒకే బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే 12. స్టూడియో భాషలో మొదటిది ఒన్స్, రెండోది టూస్. టూస్ అంటే బద్ధకం అని తేల్చేసే రివ్యూలు చాలా ఉన్నాయి. తప్పు. మామూలు నటనకు టూస్ చక్కగా సరిపోతాయి, ఒక్కోసారి దెబ్బకు అవే పదునిస్తాయి. ఒన్స్ తప్పనిసరయ్యేది కెమెరా పక్కకు జరిగేటప్పుడు. నేపథ్యం ప్రతి ఫ్రేముకూ జరుగుతూ, పాత్ర మాత్రం రెండు ఫ్రేములకోసారి కదిలితే పాత్ర వణికినట్టు కనిపిస్తుంది. పరుగు సీన్లలో వణుకు కనిపిస్తే అప్పుడు మైనస్ వేయండి. కూర్చుని మాట్లాడేటప్పుడు 12 బొమ్మలే ఉన్నాయని వేయకండి.

ఇక సంగీతం. వీటిలో నేపథ్య సంగీతం అన్నమాటే సరికాదు, అది నేపథ్యంలో ఉండదు. మన జతులకు పాదం పడ్డట్టు, ఇక్కడ కదలికా తాళమూ ఒకే పట్టికలో పుడతాయి. 12 ఫ్రేములకో బీటు అంటే నిమిషానికి 120 బీట్లు, 10 ఫ్రేములకైతే 144, 8 ఫ్రేములకైతే 180. సూత్రం సులువు: 1440ని బీటుకు పట్టే ఫ్రేములతో భాగించండి. దర్శకుడు తరుముడు సీనుకు 8 ఫ్రేముల బీటు అని నిర్ణయిస్తే అడుగులు దాని మీదే పడాలి, వాయించేవాళ్లు చెవిలో టిక్కు టిక్కు వింటూ దానికే వాయించాలి. వార్నర్‌లో కార్ల్ స్టాలింగ్, ఎంజీఎంలో స్కాట్ బ్రాడ్లీ ఈ పనిలో దిట్టలు. స్టాలింగ్ తెలిసిన పాటల ముక్కలు అల్లి వ్యాఖ్యానం చేస్తాడు. బ్రాడ్లీ సొంతంగా కట్టడానికి మొగ్గుతాడు. ‘పుట్టిన్ ఆన్ ద డాగ్’ (1944)లో కుక్క తల తొడుక్కున్న జెర్రీ కోసం ఏకంగా పన్నెండు స్వరాల వరుస పద్ధతి వాడాడు. ‘బీజీఎం బాగుంది’ అని రాసి ఊరుకుంటే ఈ ఇద్దరూ ఒకటైపోతారు.

దగ్గరగా చూడటానికి ‘ది క్యాట్ కన్సర్టో’ (1947) తీసుకుందాం. ఫ్రాంజ్ లిస్ట్ అనే స్వరకర్త రాసిన హంగేరియన్ రాప్సొడీ నంబర్ 2ని టామ్ కచేరీ చేస్తుంటాడు. పియానో లోపల సుత్తుల మీద పడుకున్న జెర్రీ ఎగిరిపడి లేస్తాడు. ఇందులో మాటల్లేవు. మామూలు వేగంతో ఒకసారి చూశాక శబ్దం పూర్తిగా తీసేసి మళ్లీ చూడండి. టామ్ వేళ్లు పియానో మెట్ల (కీల) మీద ఎక్కడ పడుతున్నాయో చూడండి: ఎడమ చేయి మంద్రంలోకి వెళ్లినప్పుడు వెళ్లినట్టే ఉంటుంది, తోచినట్టు తాటించడం కాదు. మూడోసారి తెర కట్టేసి వినండి. కచేరీ మధ్యలో ఒకచోట లిస్ట్ మాయమై ‘ఆన్ ది ఆచిసన్, టొపీకా అండ్ ద శాంటా ఫే’ అనే అప్పటి సినిమా పాట వచ్చి పోతుంది. అది జెర్రీ చేసిన అల్లరి. మెట్టు స్థానంలో ఎలుకల బోను పెట్టి టామ్ వేలు ఇరికించడమూ అంతే. జోకులన్నీ పియానో లోపలి నుంచే పుడతాయి: మెట్టు, సుత్తి, తీగ, పీట. బయటి నుంచి తెచ్చి తగిలించినది దాదాపు లేదు. చివర్లో సుత్తులు పట్టుకుని జెర్రీ వేగం పెంచేసరికి టామ్ చొక్కా నలిగి, ఒళ్లు తూలి, కుప్పకూలతాడు. వెలుగు జెర్రీ మీద పడుతుంది.

దీనికి జంటగా చూడాల్సింది ‘రాప్సొడీ రాబిట్’ (1946). అదే లిస్ట్ రచన, అదే పియానో, బగ్స్ బన్నీ, ఒక ఎలుక, దర్శకుడు ఫ్రిజ్ ఫ్రెలెంగ్. రెండు స్టూడియోలూ ఒకదాన్నొకటి కాపీ అన్నాయి. ఎవరు ఎవరిని చూసి చేశారన్న గొడవకు రివ్యూలో సగం జాగా ఇచ్చే అలవాటొకటుంది, వదిలేయడం మంచిది. రాయాల్సింది తేడా గురించి. ఫ్రెలెంగ్ కచేరీని బయటి నుంచి చెడగొడతాడు: ప్రేక్షకుల్లో దగ్గేవాణ్ని బగ్స్ తుపాకీతో కాల్చేస్తాడు, మధ్యలో ఫోన్ మోగితే ‘ఫ్రాంజ్ లిస్టా? ఎప్పుడూ వినలేదే’ అంటాడు. నవ్వు అక్కడే ఎక్కువ వస్తుంది, ఒప్పుకోవాలి. కానీ కార్టూన్‌గా నా ఓటు టామ్‌కే. ఫ్రెలెంగ్ దాంట్లో సంగీతం జోకుల కోసం ఆగుతుంది. క్యాట్ కన్సర్టోలో జోకులే సంగీతం వెంట పరిగెడతాయి. ఆస్కార్ కూడా దానికే వచ్చింది, హానా, బార్బెరాల టామ్ అండ్ జెర్రీ గెలిచిన ఏడింటిలో ఒకటి. వాటిని అందుకున్నది మాత్రం నిర్మాత ఫ్రెడ్ క్వింబీ.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ప్రింటు సంగతికి వద్దాం. అసలు గందరగోళమంతా ఇక్కడే.

వార్నర్ 1943 నుంచి పాత రంగుల కార్టూన్లను ‘బ్లూ రిబ్బన్’ పేరుతో మళ్లీ విడుదల చేసింది. అలా చేసేటప్పుడు అసలు నెగెటివ్‌లో టైటిళ్లు కోసేసి కొత్తవి అతికించారు. దర్శకుడు, యానిమేటర్, రచయిత పేర్లు చాలావాటిలో అలాగే పోయాయి. కొన్నిచోట్ల లోపలి ముక్క కూడా మారింది. బగ్స్ బన్నీ పూర్తి రూపంలో కనిపించిన, టెక్స్ ఏవరీ దర్శకత్వం వహించిన ‘ఎ వైల్డ్ హేర్’ (1940)లో, బగ్స్ వెనక నుంచి కళ్లు మూసి ‘నేనెవరో చెప్పు’ అంటే వేటగాడు ఎల్మర్ సినిమా తారల పేర్లు చెబుతాడు. అందులో క్యారల్ లొంబార్డ్ ఒకరు. ఆమె 1942 జనవరిలో విమాన ప్రమాదంలో చనిపోయింది. 1944 రీరిలీజ్‌లో ఆ పేరు తీసేసి బార్బరా స్టాన్‌విక్ అని డబ్ చేశారు. మీరు విన్నది ఏ పేరో దాన్నిబట్టి మీరు చూసింది ఏ ప్రింటో తెలిసిపోతుంది. ఎంజీఎంలో పేర్ల కథ ఇంకోరకం: టామ్ అండ్ జెర్రీ తొలి కార్టూన్ ‘పుస్ గెట్స్ ద బూట్’ (1940)లో దర్శకులుగా హానా, బార్బెరాల పేర్లే లేవు, రుడాల్ఫ్ ఐజింగ్ పేరుంది. పిల్లి పేరు టామ్ కూడా కాదు, జాస్పర్. టైటిల్ చూసి దర్శకుడి పేరు రాసేవాళ్లు ఇక్కడ పప్పులో కాలేస్తారు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు వార్నర్ నలుపు తెలుపు కార్టూన్ల సిరీస్ లూనీ ట్యూన్స్‌కి జరిగింది. 1960ల చివర్లో రంగు టీవీకి అమ్ముకోవడానికి వాటిని కొరియా పంపి, ఫ్రేము మీద కాగితం పెట్టి గీయించి, రంగులు పూయించారు. డబ్బు మిగల్చడానికి మధ్యలో బొమ్మలు ఎగరగొట్టారు. నున్నగా సాగాల్సిన కదలిక గెంతులు వేస్తుంది, గీతలు తప్పుతాయి, నీడలు మాయమవుతాయి. సంగీతం, మాటలు మాత్రం అసలువే, అందుకే మోసపోతాం. 1930ల పోర్కీ పిగ్ కార్టూన్ రంగుల్లో కనిపిస్తూ బొమ్మలు కుదుపులు కుదుపులుగా కదిలితే రివ్యూ ఆపేయండి. మీరు దర్శకుడు బాబ్ క్లాంపెట్‌ని విమర్శించబోతున్నారు, తప్పు చేసింది ఆయన కాదు.

డిజిటల్ కాలంలో ఇంకో జబ్బు వచ్చింది. ఫిల్ము మీది దుమ్మూ గీతలూ తుడిచే సాఫ్ట్‌వేర్‌ని డీవీఎన్ఆర్ అంటారు. ఒక ఫ్రేములో ఉండి పక్క ఫ్రేములో లేనిది దుమ్ము అని దాని తర్కం. కార్టూన్‌లో వేగంగా కదిలే చేతి గీత కూడా సరిగ్గా అలాగే ఉంటుంది కదా! దాంతో దుమ్ముతో పాటు టామ్ మీసాలు, వేళ్ల అంచులు, కనుబొమలు కూడా తుడిచేస్తుంది. వేగంగా కదిలేచోట ఆపి చూడండి. నిలబడినప్పుడు నిండుగా ఉన్న అంచు గీత, కదలగానే తెగిపోయి రంగు మాత్రం మిగిలితే అది డీవీఎన్ఆర్ పనే. ప్రింటు తళతళ మెరుస్తోందని మార్కులు వేసే ముందు ఇది చూడాలి. కాస్త మరకలున్న కాపీయే చాలాసార్లు నమ్మకమైనది. వెడల్పాటి టీవీకి సరిపెట్టడానికి పైనా కిందా కోసిన కాపీలదీ ఇదే కోవ: టామ్ తల మీద పడిన బల్ల కనిపిస్తుంది, అది వస్తున్నట్టు పైనుంచి పడిన నీడ కనిపించదు.

రంగుల గురించి ఒక్కమాట. మూడు రంగుల టెక్నికలర్‌లో మొదట వచ్చినది డిస్నీ ‘ఫ్లవర్స్ అండ్ ట్రీస్’ (1932). ఆ తర్వాత 1935 వరకు కార్టూన్లకు ఆ పద్ధతి డిస్నీ గుత్తాధిపత్యంలోనే ఉంది. మిగతావాళ్లకు రెండు రంగుల పద్ధతులే గతి. వాటిలో ఎరుపు, ఆకుపచ్చ ఛాయలు వస్తాయి, నిండు నీలం, ఊదా, మంచి పసుపు రావు. 1934 నాటి వార్నర్ మెర్రీ మెలొడీస్, ఫ్లైషర్ స్టూడియో కార్టూన్లు చూసి ‘రంగులు వెలిసిపోయాయి’ అని రాస్తే నవ్వులపాలవుతాం. ఉన్న రెండింటితో ఏం చేశారన్నదే అక్కడ అడగాల్సిన ప్రశ్న.

కాపీల్లో చేసిన కోతల్లో ఒక రకాన్ని రివ్యూలో తప్పక చెప్పాలి. టామ్‌ను చీపురుతో బాదే నల్లజాతి పనిమనిషి పాత్రకు గొంతు లిలియన్ రాండాల్ఫ్‌ది. ఆ కాలపు అమెరికన్ సినిమాలు నల్లవాళ్లను చూసిన చూపు అందులో మొత్తం ఉంది. 1960ల్లో టీవీ కోసం ఆ గొంతు తీసేసి జూన్ ఫొరేతో వేరే యాసలో డబ్బింగ్ చెప్పించారు, కొన్నిచోట్ల ఆమె బదులు తెల్లమ్మాయి కాళ్లు గీసి పెట్టారు. 2013లో టామ్ అండ్ జెర్రీ బ్లూరే రెండో భాగంలో ‘మౌస్ క్లీనింగ్’, ‘కాసనోవా క్యాట్’ లేవని అభిమానులు గొడవ చేస్తే ఆ డిస్కు విడుదలే ఆగిపోయింది. బాంబు పేలి ముఖం మసిబారగానే పాత్రను నల్లజాతివాడి వ్యంగ్యరూపంగా మార్చే జోకు డజన్లకొద్దీ కార్టూన్లలో ఉంది. రివ్యూ రాసేవాడు దాన్ని దాచకూడదు, ‘అప్పట్లో అంతే’ అని దులిపేసుకోకూడదు కూడా. ఏ నిమిషంలో ఉందో, ఎంతసేపో, మీరు చూసిన కాపీలో కోసేశారో లేదో రాస్తే చాలు. పిల్లలకు చూపించేవాళ్లకు అదే కావాలి. అసలు ఇవి పిల్లల కోసమే తీసినవి కావు. వార్తాచిత్రానికీ అసలు సినిమాకీ మధ్య, హాల్లో సిగరెట్ కాలుస్తూ కూర్చున్న పెద్దల కోసం తీసినవి.

అందుకే వరసపెట్టి పదిహేను చూసి ‘ఒకే ఫార్ములా, బోరు’ అనడమూ న్యాయం కాదు. 1940 నుంచి 1958 వరకు హానా, బార్బెరాలు తీసిన టామ్ అండ్ జెర్రీలు 114. సగటున ఏడాదికి ఆరు. ఒక ప్రేక్షకుడికి ఒకటికీ మరొకదానికీ మధ్య వారాలు గడిచేవి. గారెలు మంచివే, బుట్టెడు తింటే ఎవరికైనా వెగటే. రోజుకు రెండు చాలు. పాత ముక్కలు అతికించి తీసిన ‘స్మిటెన్ కిట్టెన్’ (1952), ‘స్మార్టీ క్యాట్’ (1955) లాంటివాటికి మాత్రం ఈ మినహాయింపు అక్కర్లేదు. అవి విడుదలనాడే పాచివి.

చివరిగా స్క్రీన్‌షాట్ల బెడద. చక్ జోన్స్ ‘ది డోవర్ బాయ్స్’ (1942)లో పాత్రలు ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు నడవవు, దూకుతాయి. మధ్యలో ఒకటి రెండు ఫ్రేములు మాత్రం మనిషి మొత్తం సాగి, రెండు తలలూ ఆరు చేతులూ ఉన్న రంగుల మరకలా గీశారు. యానిమేటర్ల భాషలో దాని పేరు స్మియర్. వేగంగా వెళ్లేటప్పుడు కంటికి తోచే మసకను చేత్తో గీయడమన్నమాట. ఇప్పుడు దాన్ని ఆపి, ఫోటో తీసి, ‘చూశారా, పాత కార్టూన్లలో ఎంత పెద్ద తప్పో’ అని పంచుకుంటారు. ఒక్కో ఫ్రేము తెర మీద ఉండేది సెకనులో 24వ వంతు. వీఎల్‌సీలో దాని ముందు నాలుగు ఫ్రేములు, వెనక నాలుగు ఫ్రేములు కదిపి చూడండి. తర్వాత ఆ స్మియర్ ఒక్కటీ లేదనుకుని ముందూ వెనకలను మాత్రమే మార్చి మార్చి చూడండి: మనిషి అటు నుంచి ఇటు వెళ్లడు. అక్కడ మాయమై ఇక్కడ తేలతాడు.